అనగారిక ధర్మపాల: ఓడినా ఆగని సంఘం



ధమ్మ బంధువులారా, ముందుగా ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకండి. మీ వాడలో బౌద్ధ సంఘం పెట్టి ఎన్నేళ్ళయింది? దాని రసీదు పుస్తకం ఇప్పుడు ఎవరింట్లో ఉంది? చివరి మీటింగు ఎప్పుడు జరిగింది? చాలా ఊళ్ళలో ఇదే కథ. బుద్ధ జయంతికో, ఏప్రిల్ 14కో ఉత్సాహంగా సంఘం పుడుతుంది. బోర్డు రాయిస్తాం, ఫ్లెక్సీ కట్టిస్తాం, విహారానికి స్థలం అడుగుతూ అర్జీ పెడతాం. అర్జీ ఆఫీసులో ఆగిపోతుంది. ఈలోగా అధ్యక్షుడికీ కోశాధికారికీ మాట పడదు. రెండో ఏటికి రెండు సంఘాలవుతాయి, మూడో ఏటికి ఒక్కటీ ఉండదు. నేను పనిచేసిన సంఘాల్లో రెండు ఇట్లాగే పోయాయి. అందులో నా తప్పు కూడా ఉంది. అనుకున్నది ఒక్కటి జరగకపోతే మిగతా పనుల మీద కూడా మనసు విరిగిపోయేది నాకు.

అందుకే ఈసారి మీకు అనగారిక ధర్మపాల గురించి చెప్పాలనిపించింది. ఆయన ఏ పని కోసం సంఘం పెట్టారో ఆ పని ఆయన బతికుండగా కాలేదు. కోర్టులో ఓడారు, ఉంటున్న గదులు కూడా పోయాయి. అయినా ఆ సంఘం నూట ముప్పై ఏళ్ళు దాటి ఇప్పటికీ ఉంది. అదెట్లా సాధ్యమైందో చూద్దాం.

1864 సెప్టెంబర్ 17న కొలంబోలో పుట్టారు. తండ్రి ఫర్నిచర్ వ్యాపారి, బాగా ఉన్నవాళ్ళు. ఇంటిపేరు హేవావితారణ. పిల్లవాడికి పెట్టిన పేరు మాత్రం డాన్ డేవిడ్. ఎందుకంటే ఆ రోజుల్లో సింహళంలో బౌద్ధులు కూడా దొరల పేర్లు పెట్టుకోవాల్సి వచ్చేది. చదువు ఎక్కువగా మిషనరీ బళ్ళలోనే. బళ్ళో బైబిలు, ఇంట్లో పంచశీల. 1883లో కొలంబోలో బౌద్ధుల ఊరేగింపు మీద దాడి జరిగింది. దాంతో తండ్రి కొడుకుని బడి మాన్పించారు. అంతకు మూడేళ్ళ ముందే, 1880లో, కర్నల్ ఆల్కాట్, బ్లావట్‌స్కీ సింహళం వచ్చి బౌద్ధం స్వీకరించారు. తెల్లవాళ్ళే వచ్చి పంచశీల తీసుకోవడం చూసి, తమ మతాన్ని చిన్నచూపు చూసుకుంటున్న ఎంతోమంది తలెత్తుకున్నారు. ఈ కుర్రాడు వాళ్ళ వెంట పడ్డాడు, మద్రాసు అడయార్ దాకా వచ్చాడు. అక్కడ బ్లావట్‌స్కీ అతన్ని మంత్రాల వైపు కాకుండా పాలీ భాష వైపు మళ్ళించింది. ఆమె మిగతా బోధలు ఎట్లా ఉన్నా, ఈ ఒక్క సలహాకి మనం ఆమెకి రుణపడి ఉండాలి.

ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. 1886లో వదిలేశారు. బౌద్ధ పాఠశాలల కోసం చందాలు వసూలు చేస్తూ ఎడ్లబండి మీద ఊరూరా తిరిగారు. డేవిడ్ పేరు పోయి ధర్మపాల అయ్యారు. అనగారిక అంటే ఇల్లు లేనివాడు. భిక్ఖువు కాదు, గృహస్థుడూ కాదు. పెళ్ళి లేదు, ఆస్తి లేదు, అష్టశీలం ఉంది. భిక్ఖువుకి వినయ నియమాలు ఉంటాయి, ఓడలెక్కి దేశాలు తిరగడం, డబ్బు లెక్కలు చూడడం కష్టం. గృహస్థుకి సంసారం ఉంటుంది. ఈ రెంటికీ మధ్య, పని చేయడానికి వీలైన దారి ఒకటి ఆయన తనకోసం తాను వేసుకున్నారు.

1891 జనవరి 22న బోధగయ చేరారు. అప్పటికి ఆయనకి ఇరవయ్యారేళ్ళు. వెంట ఒక జపాను భిక్ఖువు ఉన్నారు. మహాబోధి ఆలయాన్ని అంతకు కొన్నేళ్ళ ముందే ప్రభుత్వం బాగుచేయించింది. కానీ అది ఒక శైవ మఠం మహంతు చేతిలో ఉంది. బుద్ధుడు సంబోధి పొందిన చోట బౌద్ధుడనేవాడు ఒక్కడు లేడు. ధర్మపాల వజ్రాసనానికి నుదురు ఆనించారు. ఈ చోటుని చూసుకోవడానికి భిక్ఖువులు వచ్చేదాకా ఇక్కడినించి కదలకూడదని ఆ క్షణంలోనే అనుకున్నారు. తిరుగుప్రయాణం మానుకుని, బర్మా రాజు కట్టించిన విశ్రాంతి గృహంలో ఉండిపోయారు.

ఆవేశం మనకీ వస్తుంది. దీక్షాభూమికి వెళ్ళి వచ్చిన వారం రోజులు మనం కూడా అట్లాగే ఉంటాం. ఆయన చేసిన వేరే పని ఏమిటంటే, ఆ ఆవేశం చల్లారకముందే దానికొక రూపం ఇచ్చారు. మే 31న, అంటే నాలుగు నెలలు తిరిగేసరికి, కొలంబోలో మహాబోధి సంఘం ఏర్పడింది. అధ్యక్ష స్థానంలో తాను కూర్చోలేదు. సింహళమంతా గౌరవించే మహాపండితుడు హిక్కడువే సుమంగళ థేరోని కూర్చోబెట్టారు. తాను కార్యదర్శిగా పని నెత్తిన వేసుకున్నారు. జులైలో నలుగురు భిక్ఖువులని తీసుకుని మళ్ళీ బోధగయ వచ్చారు. అక్టోబర్‌లో అక్కడే వేర్వేరు దేశాల బౌద్ధులతో సభ పెట్టారు. మరుసటి ఏడు మే నెలలో కలకత్తా నుంచి మహాబోధి పత్రిక మొదలైంది. తిండి మానుకుని ఆ డబ్బుతో పోస్టు బిళ్ళలు కొన్న రోజులు ఉన్నాయని చెబుతారు. పత్రిక మాత్రం ఆగలేదు.

ఆ పత్రికే ఆయన్ని చికాగో చేర్చింది. 1893 సెప్టెంబర్‌లో జరిగిన సర్వమత మహాసభకి పిలుపు వచ్చింది. వివేకానందుడు మాట్లాడిన సభ అదే. మన పాఠ్యపుస్తకాల్లో వివేకానందుడి పేరే ఉంటుంది, పక్కన తెల్లబట్టల్లో ఉన్న ఈ బౌద్ధుడి పేరు ఉండదు. ఆ సభ జరుగుతుండగానే ఆయనకి 29 ఏళ్ళు నిండాయి. తిరిగి వస్తుంటే ఓడ హోనలూలులో ఆగింది. అక్కడ మేరీ ఫాస్టర్ అనే ఆమె ఆయన్ని చూడడానికి వచ్చింది. తల్లి వైపు నుంచి హవాయి రాజవంశానికి చెందిన ఆమె. తన కోపాన్ని తాను పట్టలేకపోతున్నానని బాధ చెప్పుకుంది. ఆయన ఆమెని చందా అడగలేదు. కోపాన్ని ఎట్లా గమనించుకోవాలో, మనసుని ఎట్లా నిలుపుకోవాలో చెప్పారు. ఆ కాసేపటి మాట ఆమె జీవితాన్ని మార్చింది. తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా సంఘానికి పెద్ద ఆసరా ఆమే. ఆ డబ్బుతో కట్టిన కొలంబో ఆసుపత్రికీ, తర్వాత లండన్‌లో కొన్న ఇంటికీ ఫాస్టర్ పేరే పెట్టారు, తన పేరు కాదు. మన సంఘాల్లో శిలాఫలకం మీద పేర్ల వరస దగ్గరే సగం తగాదాలు వస్తాయి కదా, అందుకని చెబుతున్నాను.

ఇక ఓటమి సంగతి. ఆ ప్రయాణంలో జపాను బౌద్ధులు ఆయనకి ఒక పాత బుద్ధ విగ్రహం ఇచ్చారు. 1895 ఫిబ్రవరి 25న దాన్ని మహాబోధి ఆలయం పై అంతస్తులో ప్రతిష్ఠించబోయారు. మహంతు మనుషులు మీదపడి విగ్రహాన్ని బయటికి తెచ్చి పడేశారు. ధర్మపాల కేసు పెట్టారు. గయ మేజిస్ట్రేటు కోర్టులో గెలిచారు. పై కోర్టు, అంటే కలకత్తా హైకోర్టు, అదే ఏడు ఆ తీర్పుని కొట్టేసింది. విగ్రహాన్ని విశ్రాంతి గృహంలో పెట్టుకుంటే, ఆ ఇంటి నుంచి కూడా ఖాళీ చేయించాలని మహంతు దావా వేశాడు. 1910 నాటికి అదీ పోయింది. పందొమ్మిదేళ్ళ పని తర్వాత బోధగయలో తలదాచుకోను ఒక గది లేదు.

మనమైతే ఏం చేసేవాళ్ళం? ఎవరి వల్ల ఓడామో లెక్క తీసేవాళ్ళం. ఆయనకీ కోపం తక్కువేం కాదు. దశాబ్దాల పాటు డైరీ రాసుకున్నారు. అందులో తన విసుగునీ కోపాన్నీ కూడా దాచుకోలేదు. కానీ ఆ కోపం సంఘం పనిని ఆపలేదు. బోధగయ తలుపు మూసుకుంటే సారనాథ్ వైపు తిరిగారు. బుద్ధుడు మొదట ధమ్మం చెప్పిన ఆ చోటు అప్పటికి పొదలూ మట్టిదిబ్బలూ. తీర్పుల కోసం ఎదురు చూస్తూనే అక్కడ స్థలం కొన్నారు, చిన్న బడి పెట్టారు. కలకత్తాలో విహారం తలపెట్టారు. మనం అష్టాంగ మార్గంలో సమ్మా వాయామం అని చదువుకుంటాం. ఉన్న మంచిని కాపాడుకోవడం, లేని మంచిని పుట్టించడం అందులో భాగం. పాఠంగా విన్నప్పుడు అది తేలిగ్గానే ఉంటుంది. పందొమ్మిదేళ్ళు నమ్ముకున్నది పోయిన మర్నాడు దాన్ని చేసి చూపడం వేరు.

1915లో సింహళంలో అల్లర్లు జరిగాయి. ధర్మపాల అప్పుడు కలకత్తాలో ఉన్నారు, అయినా ప్రభుత్వం ఆయన్ని అక్కడే నిర్బంధంలో పెట్టింది. తమ్ముడు ఎడ్మండ్ జాఫ్నా జైల్లో చనిపోయాడు. నిర్బంధంలో ఉన్న మనిషి ఏం చేయగలడు? కలకత్తా విహారం పని చూసుకున్నారు.

ఇక్కడికొచ్చేసరికి మన నేల కథలోకి వస్తుంది. 1892లో, మహాబోధి పత్రిక మొదలైన ఏడే, అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి మన భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించాడు. మూడు రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ లిపిలో శాసనాలున్నాయి. పేటికలో స్ఫటికపు భరిణె, అందులో ధాతువు. ఊళ్ళో జనం ఆ దిబ్బ నుంచి ఇటుకలూ రాళ్ళూ ఏనాటినుంచో తీసుకుపోతూ ఉన్నారు. దాని కింద ఉన్నదేమిటో మనకి తెలియదు, తెలుసుకునే చదువూ మనకి అందనివ్వలేదు. ఆ ధాతువే 1920 నవంబర్‌లో కలకత్తా చేరింది. బెంగాల్ గవర్నరు దాన్ని ధర్మపాల చేతికి ఇచ్చారు. ఊరేగింపుగా తీసుకువెళ్ళి కాలేజ్ స్క్వేర్ దగ్గర ధర్మరాజిక చైత్య విహారంలో నిక్షిప్తం చేశారు. కలకత్తా వెళ్ళేవాళ్ళు కాళీఘాట్ చూసి వస్తారు. మీరు వెళితే కాలేజ్ స్క్వేర్ కూడా వెళ్ళి రండి, అక్కడ మన భట్టిప్రోలు ఉంది.

ఆయన గురించి మెచ్చుకోవాల్సినవే చెప్పి ఊరుకుంటే మీకు అన్యాయం చేసినట్టు అవుతుంది. సింహళంలో ఆయన చేసిన ప్రసంగాల్లో, రాతల్లో ఇతర జాతుల మీద, ముఖ్యంగా ముస్లిం వ్యాపారుల మీద చాలా కటువైన మాటలున్నాయి. మెత్తా భావనకి, ఆ మాటలకి పొత్తు కుదరదు. నేను వాటిని సమర్థించను. ఇంకొకటి: ఇండియాలో ఆయన సంఘం కలకత్తా పెద్దమనుషుల అండ మీద నిలబడింది. 1920లో అధ్యక్షుడు అశుతోష్ ముఖర్జీ. తర్వాతి కాలంలో ఆయన కొడుకు శ్యామాప్రసాద్ కూడా అధ్యక్షుడే. బుద్ధుణ్ణి గౌరవిస్తూ కులాన్ని ముట్టుకోని వాళ్ళ చేతుల్లో సంఘం ఉంటే, మన వాడల దాకా ధమ్మం ఎట్లా వస్తుంది? ఆ పని బాబాసాహెబ్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

చివరి రోజులకి వద్దాం. 1930లో తనకి వచ్చిన కుటుంబ ఆస్తిని ట్రస్టుకి రాసేశారు. 1931లో సామనేర దీక్ష తీసుకున్నారు. ఆ ఏడే నవంబర్ 11న సారనాథ్‌లో మూలగంధకుటి విహారం తెరుచుకుంది. దాని శంకుస్థాపన 1922లో జరిగింది, అంటే తొమ్మిదేళ్ళ పని. అప్పటికే ఒళ్ళు పూర్తిగా పాడైంది. 1933 జనవరిలో ఉపసంపద పొంది భిక్ఖువయ్యారు, ఏప్రిల్ 29న సారనాథ్‌లోనే కన్నుమూశారు. మళ్ళీ మళ్ళీ పుట్టి ఈ నేల మీద ధమ్మం చెప్పాలని కోరుకుంటూ పోయారు. పునర్జన్మ మీద బాబాసాహెబ్ మనకి చెప్పిన అర్థం వేరు. అయినా ఒక మనిషి చేసిన పని మరొకరిలో కొనసాగడం అనే అర్థంలో తీసుకుంటే, ఆయన కోరిక తీరిందనే అంటాను.

ఎందుకంటారా? బోధగయ మాట అట్లా ఉంచండి. 1949లో బీహారు ప్రభుత్వం చట్టం చేసింది. కమిటీలో నలుగురు బౌద్ధులు, నలుగురు హిందువులు, పైన కలెక్టరు. ఆలయం పూర్తిగా బౌద్ధుల చేతికి రావాలని భిక్ఖువులు ఇప్పటికీ పోరాడుతూనే ఉన్నారు. నేను చెప్పేది వేరే. 1950 వైశాఖ మాసంలో బుద్ధుడి ధమ్మ భవిష్యత్తు గురించి బాబాసాహెబ్ రాసిన వ్యాసం అచ్చయింది మహాబోధి పత్రికలోనే, పస్తులుండి ధర్మపాల నడిపిన ఆ పత్రికలోనే. ఆరేళ్ళ తర్వాత నాగపూర్‌లో, 1956 అక్టోబర్ 14న, మన దీక్ష జరిగినప్పుడు మహాబోధి సంఘం ప్రధాన కార్యదర్శి దేవప్రియ వలిసింహ అక్కడ ఉన్నారు. చిన్న వయసులోనే సింహళం నుంచి వచ్చి ధర్మపాల దగ్గర పెరిగి, ఆయన తర్వాత సంఘం లెక్కలూ పత్రికా మోసిన శిష్యుడు ఆయన.

ఆ రోజు బాబాసాహెబ్‌కీ మాయీసాహెబ్‌కీ త్రిశరణాలూ పంచశీలా ఇచ్చిన పెద్దాయన కుశీనగర్ నుంచి వచ్చిన ఊ చంద్రమణి మహాథేరో. బర్మాలోని అరకాన్ ఆయన సొంత ప్రాంతం. ఇండియాకి ఎప్పుడు, ఎందుకు వచ్చారో తెలుసా? 1891లో, మహాబోధి సంఘం పుట్టిన ఏడే. ధమ్మం కోసం కుర్ర సామనేరులు కావాలని ధర్మపాల కబురు పెడితే వచ్చిన పిల్లల్లో ఆయన ఒకరు. తర్వాత ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఈ దేశంలోనే గడిచింది.