మరణాలకు లెక్క రాసిన విలియం ఫార్

2020 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. స్కూలు గేట్లు మూతపడ్డాయి. పిల్లలు ఫోన్ ముందు, మనం టీవీ ముందు. సాయంత్రం బులెటిన్ వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. ఇటలీలో ఎన్ని కేసులు, అమెరికాలో ఎన్ని మరణాలు, మన జిల్లాలో ఎన్ని? చదువుకునే రోజుల్లో మ్యాథ్స్ అంటే ఆమడ దూరం పారిపోయినవాళ్లు కూడా గ్రాఫు పైకి పోతోందా, వంగుతోందా అని వేలితో చూపించి చెప్పేవారు. అలా చూడటం మనకు నేర్పినవాళ్లలో మొదటి వరసలో ఉండాల్సిన మనిషి 1883లోనే చనిపోయారు. డాక్టర్ చదువు చదివి, ఆఫీసు బల్ల ముందు 40 ఏళ్లు గడిపిన విలియం ఫార్ ఆయన.

ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో కెన్లీ అనే పల్లె. 1807 నవంబరు 30న అక్కడ ఒక వ్యవసాయ కూలీ ఇంట్లో పుట్టారు. ఆ ఇంటి ఆదాయంతో ఫార్ చదువు సాగేది కాదు. జోసెఫ్ ప్రైస్ అనే స్థానిక పెద్దమనిషి పిల్లాడిని చేరదీసి చదివించారు. 1828లో ప్రైస్ పోతూ పోతూ కొంత సొమ్ము కూడా రాసిపెట్టారు. ఆ డబ్బుతో ఫార్ పారిస్ వెళ్లారు. అక్కడ పియర్ లూయీ అనే వైద్యుడు, ఒక మందు పనిచేస్తోందో లేదో రోగులను లెక్కపెట్టి తేల్చాలని బోధిస్తున్నారు. అది ఫార్ మనసులో నాటుకుపోయింది. లండన్ తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టినా, ఆయన మనసు మాత్రం అంకెల మీదే. 1837లో భార్య క్షయతో చనిపోయారు. అదే ఏడాది జులై 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణాల ప్రభుత్వ నమోదు మొదలైంది. ఆ కార్యాలయంలో 1839లో ఫార్‌కు ఉద్యోగం దొరికింది.

చేరగానే ఆయనకు ఎదురైన చిక్కు మీకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఒకే జబ్బుకు ముగ్గురు డాక్టర్లు మూడు పేర్లు రాస్తున్నారు. కొందరు అసలు జబ్బు వదిలేసి, చివర్లో వచ్చిన ఆయాసాన్నో మూర్ఛనో రాస్తున్నారు. మూడు సెక్షన్ల పేపర్లను ముగ్గురు టీచర్లు మూడు పద్ధతుల్లో దిద్దితే ర్యాంకులు ఎలా ఇస్తాం? ఫార్ కూర్చుని మరణ కారణాలకు ఒక పట్టిక తయారుచేశారు. ఏ మరణం ఏ పేరు కిందికి రావాలో అందులో ఖాయం చేశారు.

ఆ పట్టిక వెంటనే గొడవ తెచ్చింది. మొదటి వార్షిక నివేదికలోనే ఆకలి వల్ల 63 మంది చనిపోయారని ఫార్ చూపించారు. పేదల సహాయ చట్టాన్ని నడుపుతున్న ఎడ్విన్ చాడ్విక్‌కు అది మింగుడు పడలేదు. చట్టం అమల్లో ఉండగా ఆకలి చావులేమిటని ఆయన తగువు. ఫార్ కొత్తగా కొలువులో చేరిన చిన్న ఉద్యోగి, అవతలివాడు పలుకుబడి ఉన్న అధికారి. అయినా ఫార్ తగ్గలేదు. తిండి చాలక నీరసించినవాణ్ని జ్వరం చంపితే, లెక్కలో జ్వరం ఒక్కటే కనిపిస్తుందని, నిజానికి ఆకలి ఆ 63 కంటే చాలా ఎక్కువమందిని తీసుకుపోతోందని వాదించారు.

ఇక గ్రాఫు సంగతి. 1837-39లో మశూచి చెలరేగి తగ్గింది. ఆ మరణాలను మూడేసి నెలలకు లెక్కగట్టి చూస్తే పెరగడంలోనూ తరగడంలోనూ ఒక క్రమం కనిపించింది. పాతికేళ్ల తర్వాత, 1865లో బ్రిటన్‌లో రిండర్‌పెస్ట్ అనే పశువుల అంటురోగం వచ్చింది. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదని పార్లమెంటులో భయపడ్డారు. నాలుగేసి వారాలకు రోగం సోకిన పశువుల లెక్క ఇలా ఉంది: 9,597, ఆ తర్వాత 18,817, ఆ తర్వాత 33,835, ఆ పైన 47,191. చూడగానే గుండె ఝల్లుమంటుంది. ఫార్ మాత్రం ఎన్ని రెట్లయిందో చూశారు. మొదటిసారి దాదాపు రెండు రెట్లు, రెండోసారి 1.8, మూడోసారి 1.4. అంకె పెరుగుతోంది, పెరిగే వేగం మాత్రం తగ్గుతోంది. త్వరలోనే రోగం దిగిపోతుందని 1866 ఫిబ్రవరిలో ఆయన పత్రికకు ఉత్తరం రాశారు. ఎగతాళి చేశారు. రోగం దిగిపోయింది, ఆయన చెప్పినంత త్వరగా కాకపోయినా. సోకిన పశువులను చంపేయాలన్న చట్టం కూడా అదే నెలలో వచ్చింది కాబట్టి ఘనతంతా ఆ లెక్కకే ఇవ్వలేం. ఈ పద్ధతినే నమ్ముకుని 1990లో ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో ఎయిడ్స్ త్వరలో తగ్గుముఖం పడుతుందని అంచనా వేసి బోల్తా పడ్డారు. అన్ని జబ్బులూ ఒకే గీత మీద నడవవు.

ఫార్ కూడా బోల్తా పడ్డారు, అదీ కలరా విషయంలో. 1848-49 కలరాలో ఇంగ్లండ్, వేల్స్‌లో 53 వేల మందికి పైగా చనిపోయారు. ఆయన పేటల వారీగా లెక్కలు తీశారు. థేమ్స్ నదికి దగ్గరగా, పల్లంలో ఉన్నచోట మరణాలు ఎక్కువ. మెరక మీదికి పోయేకొద్దీ తక్కువ. అంకెలు ఎంత చక్కగా కుదిరాయంటే, నది ఒడ్డున లేచే చెడుగాలి వల్లే జబ్బు వస్తోందని ఆయన నమ్మేశారు. పల్లంలో ఉన్నవాళ్లు తాగే నీరు కూడా మురికిదేనన్నది ఆ లెక్కలోనే దాగి ఉంది. అది జాన్ స్నో అనే డాక్టరు పట్టుకున్నారు. ఫార్ తనతో ఏకీభవించని ఆ మనిషికి 1854లో మరణాల వివరాలు ఇచ్చి సాయం చేశారు. ఏ ఇంటికి ఏ కంపెనీ నీళ్లు వస్తున్నాయో చూసి స్నో తన వాదనను నిలబెట్టుకున్నారు. 1858లో స్నో చనిపోయేనాటికి ఆయన్ని నమ్మినవాళ్లు తక్కువే.

1866లో కలరా మళ్లీ వచ్చినప్పుడు తూర్పు లండన్‌లో మరణాలు ఒక్కసారిగా ఎగిశాయి. ఫార్ ఈసారి నీటి గొట్టాల వైపు చూశారు. ఆ పేటలన్నిటికీ నీళ్లు ఇచ్చేది ఒకే కంపెనీ. వడకట్టని నీళ్లు తాము ఇవ్వలేదని కంపెనీ బుకాయించింది. తీరా చూస్తే, ఇళ్లలోని నీటి గొట్టాల్లో చేపలు దొరికాయి! వడపోతలోంచి చేప ఎలా వస్తుంది? తన పాత సిద్ధాంతాన్ని పక్కనపెట్టి, దోషం నీటిదేనని ఫార్ నివేదిక రాశారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఈ ఘట్టమే. అప్పటికి ఆయనకు 60 ఏళ్లు దగ్గరపడుతున్నాయి, పేరు స్థిరపడింది. మాట మార్చుకోవడం ఆ వయసులో అంత సులువు కాదు.

దేశాల మధ్య పోలిక కూడా ఆయన పట్టించుకున్నదే. 1853లో బ్రస్సెల్స్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంకాల మహాసభ, అన్ని దేశాలకూ పనికొచ్చే మరణ కారణాల పట్టిక తయారుచేయమని ఫార్‌కు, జెనీవాకు చెందిన మార్క్ డెస్పీన్‌కు అప్పగించింది. ఇద్దరికీ పొసగక రెండేళ్ల తర్వాత రెండు వేర్వేరు పట్టికలు తెచ్చారు. సభ రెండింటినీ కలిపి 139 పద్దుల రాజీ పట్టిక చేసింది. అది ఏ దేశంలోనూ సరిగ్గా నిలబడలేదు. కానీ తర్వాత మార్పులు జరిగేకొద్దీ ఫార్ అమరికే ముందుకు వచ్చింది.

1879లో ఆఫీసు పెద్ద పదవి ఖాళీ అయింది. అది ఫార్‌కే వస్తుందని చాలామంది అనుకున్నారు. వేరొకరికి ఇచ్చారు. మరుసటి ఏడాది ఆయన ఉద్యోగం వదిలేశారు. 1883 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

ఆయన పట్టిక వారసురాలినే ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహిస్తోంది. వైరస్ పరీక్షలో తేలిన కోవిడ్‌కు అందులో యూ07.1 అని కోడ్ ఇచ్చారు. 1847 ఇన్‌ఫ్లుయెంజా సమయంలో ఫార్ మరో పని చేశారు: జబ్బు పేరు పక్కనపెట్టి, మామూలు రోజుల్లో కంటే ఎంతమంది ఎక్కువగా చనిపోయారో లెక్కగట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో ఇదే దారిలో వెళ్లింది. 2020, 2021లో దేశాలు చెప్పిన కోవిడ్ మరణాలు 54 లక్షలు. సంస్థ అంచనా వేసిన అదనపు మరణాలు 1 కోటి 49 లక్షలు. మన దేశానికి వేసిన అంచనా 47 లక్షలు. మన ప్రభుత్వం చెప్పిన లెక్క 4.8 లక్షలు. లెక్కగట్టిన పద్ధతే తప్పని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, ఆ వాదన నేటికీ తెగలేదు. 2020లో మన దేశంలో నమోదైన మరణాల్లో, కారణం ఇదీ అని డాక్టరు ధ్రువీకరించినవి 22.5 శాతం.