తలుపు మూసింది ఉస్మానియా, తెరిచింది నాగపూర్
ఊరు విడిచి చదివిన మన జిల్లా బిడ్డ పి.వి. జీవితం

పాలకుర్తి: ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయంటే మన పల్లెల్లో ఒకటే చర్చ. పిల్లవాణ్ణి వరంగల్‌లో చేర్పిద్దామా, హైదరాబాదు పంపుదామా, ఇంకా దూరం పంపుదామా అని. దగ్గరుంటే ఖర్చు తగ్గుతుంది, బిడ్డ కళ్ల ముందు ఉంటాడు. దూరం పోతే నాలుగు సంగతులు తెలుస్తాయి గాని, వేళకు తింటున్నాడో లేదోనని తల్లికి దిగులు. ఆడపిల్ల అయితే ఆ దిగులు రెండింతలు.

1938లో ఇదే ప్రశ్న మన వరంగల్ గడ్డ మీద పుట్టిన ఒక పదిహేడేళ్ల విద్యార్థి ముందుకు వచ్చింది. అయితే ఎంచుకునే వీలు అతనికి లేకపోయింది. దగ్గరున్న విశ్వవిద్యాలయమే అతన్ని వెళ్లగొట్టింది. ఆ విద్యార్థే తరువాత ముఖ్యమంత్రి, ఆపైన దేశ ప్రధానమంత్రి అయిన శ్రీ పాములపర్తి వెంకట నరసింహారావు. దూరపు చదువు ఆయనకు ఏమిచ్చింది, ఆయన తిరిగి మన పల్లెలకు ఏమిచ్చారు అన్నది బిడ్డల చదువు గురించి ఆలోచించే ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోదగిన సంగతి.

లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగి

శ్రీ నరసింహారావు 1921 జూన్ 28న నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో జన్మించారు. అది ఆయన తల్లిగారి ఊరు. తండ్రి శ్రీ సీతారామారావు, తల్లి శ్రీమతి రుక్మాబాయి. పసితనంలోనే ఆయనను వంగర గ్రామానికి చెందిన శ్రీ పాములపర్తి రంగారావు దంపతులు దత్తత తీసుకున్నారు. వంగర అప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. వారిది భూవసతి గల కుటుంబం.

ఆయన చదువు మొదటి నుంచీ ఊరు దాటే చదువే. ప్రాథమిక విద్య కొంత కాలం పక్కనున్న కట్కూరులో బంధువుల ఇంట ఉండి సాగింది. హైస్కూలు చదువుకు హనుమకొండ వచ్చారు. అప్పటి ఆచారం ప్రకారం పదేళ్ల వయసులోనే ఆయనకు శ్రీమతి సత్యమ్మతో వివాహం జరిగింది.

దగ్గరున్నా పరభాషే

ఆ రోజుల్లో నిజాం రాష్ట్రం మొత్తానికి ఉన్న విశ్వవిద్యాలయం ఉస్మానియా ఒక్కటే. 1918లో దానిని స్థాపించారు. అక్కడ బోధన ఉర్దూలో జరిగేది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పడం దేశంలో గొప్ప ప్రయోగమే. కాని తెలంగాణ పల్లెల నుంచి వచ్చే పిల్లల ఇంటి భాష తెలుగు. హైస్కూలు చదువూ ఉర్దూలోనే, కాలేజీ చదువూ ఉర్దూలోనే. అంటే విశ్వవిద్యాలయం దగ్గరే ఉన్నా, అక్కడి మాట మాత్రం ఇంటి మాట కాదు.

ఆ ఇబ్బందిని శ్రీ నరసింహారావు దాటుకున్నారు. ఉర్దూ బాగా పట్టుబడింది. వరంగల్‌లో ఇంటర్మీడియట్‌లో చేరారు. ఆ కాలేజీ ఉస్మానియా ఆధ్వర్యంలోనే నడిచేది. అంతా సవ్యంగా సాగితే హైదరాబాదు వెళ్లి అక్కడే పట్టా పుచ్చుకుని ఉండేవారు.

పాట తెచ్చిన తంటా

1938 చివరలో ఔరంగాబాదు కాలేజీ హాస్టల్లో విద్యార్థులు ప్రార్థన వేళ వందేమాతర గీతం పాడడాన్ని అధికారులు నిషేధించారు. విద్యార్థులు వినలేదు. ఈ సంగతి హైదరాబాదులోని ఉస్మానియా హాస్టళ్లకు, అక్కడి నుంచి వరంగల్ మొదలైన చోట్ల కాలేజీలకు పాకింది. తరగతులు మానుకున్నారు, సమ్మెలు జరిగాయి. విశ్వవిద్యాలయం వందలాది మందిని బహిష్కరించింది. అందులో శ్రీ నరసింహారావు ఒకరు. నేటి మహబూబాబాద్ జిల్లా ఇనుగుర్తిలో పుట్టి, తరువాత తెలంగాణ రైతాంగ పోరాట నాయకుల్లో ఒకరైన శ్రీ దేవులపల్లి వెంకటేశ్వరరావు కూడా ఆ ఉద్యమంలో పాల్గొన్నవారే.

బహిష్కరణ అంటే రాష్ట్రంలో ఇక చదువు లేనట్లే. ఉన్న విశ్వవిద్యాలయం ఒక్కటే, అది కాదన్నది. క్షమాపణ చెప్పుకుని మళ్లీ చేరడమో, చదువు మానుకుని సేద్యం చూసుకోవడమో, పొరుగు ప్రాంతానికి పోవడమో, మూడే దారులు మిగిలాయి. అటువంటి సమయంలో నాగపూర్ విశ్వవిద్యాలయం ఈ విద్యార్థులను చేర్చుకోవడానికి ముందుకు వచ్చింది. అప్పటి ఉపాధ్యక్షులు శ్రీ టి.జె. కేదార్ చూపిన ధైర్యం వల్ల ఎందరి చదువులో నిలిచాయి. నాగపూర్ అప్పుడు బ్రిటిషు పాలనలోని మధ్య పరగణాల రాజధాని. నిజాం మాట అక్కడ చెల్లదు.

ఉత్తరానికి రైలు

మన వాళ్లకు నాగపూర్ మరీ తెలియని ఊరు కాదు. కాజీపేట, బల్లార్షా మధ్య రైలుమార్గం 1929లో పూర్తయింది. కాజీపేటలో ఎక్కితే నాగపూర్ సుమారు 450 కిలోమీటర్లు. కాని రైలు దిగిన తరువాత అంతా కొత్తే. కాలేజీలో పాఠం ఇంగ్లీషు, బజారులో మాట మరాఠీ. ఉర్దూలో చదివి వచ్చిన విద్యార్థి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసిందే.

శ్రీ నరసింహారావు అక్కడ ఇంటర్మీడియట్ ముగించి, పుణేలోని ఫెర్గూసన్ కాలేజీలో బి.యస్సీ. చదివారు. ఆ కాలేజీ అప్పుడు బొంబాయి విశ్వవిద్యాలయం కింద ఉండేది. ఆపైన మళ్లీ నాగపూర్ వచ్చి న్యాయశాస్త్రంలో పట్టా తీసుకున్నారు. ఈ విధంగా ఆయన చదువులో ఉస్మానియా, బొంబాయి, నాగపూర్ మూడు విశ్వవిద్యాలయాల పేర్లు చేరాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇంట్లో భూమి ఉంది గనుక పొరుగు రాష్ట్రంలో తిండికి, గదికి డబ్బు అందింది. అంత స్తోమత లేని ఇంటి పిల్లవాడికి బహిష్కరణ అంటే చదువుకు ముగింపే. దూరపు చదువు గొప్పతనం చెప్పేవారు ఈ సంగతి మరచిపోరాదు. అట్లాగే ఆయన చదువుల కోసం, తరువాత రాజకీయాల కోసం ఊళ్లు తిరుగుతున్న ఏళ్లలో వంగరలో ఇల్లు, సేద్యం చూసుకుని, ముగ్గురు కొడుకులను, అయిదుగురు కూతుళ్లను పెంచింది శ్రీమతి సత్యమ్మ. ఆమె 1970లో కన్నుమూశారు. ఒకరు దూరం పోయి చదివితే ఇంటి దగ్గర ఆ బరువు మోసేవారు మరొకరు ఉంటారు.

తిరిగి వచ్చిన తరువాత

చదువు పూర్తయ్యాక ఆయన నాగపూర్‌లోనో బొంబాయిలోనో స్థిరపడలేదు. హైదరాబాదు వచ్చి శ్రీ బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్ వకీలుగా చేరారు. శ్రీ బూర్గుల కూడా ఫెర్గూసన్ కాలేజీలో చదివినవారే. నిజాం వ్యతిరేక పోరాటం ముదిరినప్పుడు స్వామి రామానందతీర్థ అనుచరుడిగా సరిహద్దుకు అవతల ఉన్న చాందా శిబిరంలో పనిచేశారు. ఆ చాందాయే నేటి చంద్రపూర్. చదువుకు పోయిన దారిలోని ఊరే పోరాటానికి ఆశ్రయమయింది.

1948 నుంచి కొన్నేళ్ల పాటు వరంగల్ నుంచి వెలువడిన కాకతీయ పత్రికను శ్రీ పాములపర్తి సదాశివరావుతో కలిసి నడిపారు. ఇద్దరూ జయ, విజయ అన్న పేర్లతో రాసేవారు. 1957లో మంథని నుంచి శాసనసభకు ఎన్నికై, 1977 వరకు ఆ స్థానంలోనే కొనసాగారు.

దూరాన నేర్చిన భాషలు వృథా పోలేదు. శ్రీ విశ్వనాథ సత్యనారాయణ రాసిన వేయిపడగలు నవలను సహస్రఫణ్ పేరుతో హిందీలోకి అనువదించారు. మరాఠీలో హరి నారాయణ్ ఆప్టే రాసిన ప్రసిద్ధ నవలను అబల జీవితం పేరుతో తెలుగు చేశారు. నాగపూర్, పుణేలలో బతికి నేర్చిన మరాఠీ ఆ విధంగా తెలుగు పాఠకులకు ఉపయోగపడింది.

పల్లె పిల్లలకు తెలుగు పుస్తకం, గురుకులం

1968లో శ్రీ నరసింహారావు రాష్ట్ర విద్యామంత్రి అయ్యారు. అదే సంవత్సరం తెలుగు అకాడమీ ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షులు ఆయనే. మన ఊళ్లలో ఇంటర్మీడియట్, డిగ్రీ తెలుగు మాధ్యమంలో చదివిన వారందరికీ అకాడమీ పుస్తకాలు తెలుసు. తాను ఉర్దూలో, ఇంగ్లీషులో చదవవలసి వచ్చిన మనిషి హయాంలో పల్లె విద్యార్థికి కాలేజీ పాఠం ఇంటి భాషలో అందడం మొదలయింది.

1971లో సర్వేల్‌లో గురుకుల పాఠశాల ప్రారంభమయింది. ఆ ఊరు అప్పుడు నల్లగొండ జిల్లాలోది, నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలోది. పేదింటి తెలివైన పిల్లవాడు ఇల్లు విడిచి, తిండికి, వసతికి వెతుక్కోకుండా చదువుకునే ఏర్పాటు అది. ఆ తరువాత రాష్ట్రంలో వచ్చిన గురుకులాలకు అదే దారి చూపింది.

1985లో కేంద్రంలో మానవ వనరుల శాఖ మంత్రి అయ్యారు. 1986 జాతీయ విద్యావిధానం, జిల్లాకొక నవోదయ విద్యాలయం ఆ కాలంలోనివే. మన వాళ్లు పిల్లల చేత పరీక్ష రాయించే మామునూరు నవోదయ ఆ కోవలోదే. నవోదయ సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు కేటాయించారు. తొమ్మిదో తరగతిలో కొందరిని ఒక సంవత్సరం పాటు మరో భాష మాట్లాడే రాష్ట్రంలోని నవోదయకు పంపుతారు. 1938లో నిర్బంధంగా ఆయనకు జరిగినది ఇక్కడ పిల్లలకు చదువులో భాగంగా, ప్రభుత్వ ఖర్చుతో జరుగుతున్నది.

ఓడించిన ఇల్లు, గెలిపించిన పొరుగు

ఊరు విడిచి చదివిన వారికి స్థానికుడా కాడా అన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. శ్రీ నరసింహారావు 1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయ్యారు. భూసంస్కరణలకు పూనుకున్నారు. కాని స్థానికులెవరన్న ముల్కీ వివాదం రగులుకుని, జై ఆంధ్ర ఉద్యమం లేచి, 1973 జనవరిలో ఆయన ప్రభుత్వం పోయింది.

1977లో, 1980లో హనుమకొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1984లో అదే హనుమకొండలో శ్రీ చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో నాగపూర్ పక్కనున్న రాంటెక్ ఆయనను గెలిపించింది. 1989లోనూ గెలిపించింది. సొంత జిల్లా కాదన్నప్పుడు, చదువుకున్న ప్రాంతం రెండోసారి తలుపు తెరిచిందన్న మాట.

1991 జూన్ 21న దేశ ప్రధాని అయ్యారు. దక్షిణాది నుంచి ఆ పదవి చేపట్టిన తొలి వ్యక్తి ఆయనే. ఆ ఏడే ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. 1992 డిసెంబరులో అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేత ఆయనపై తీవ్ర విమర్శలు తెచ్చింది. 1996 మే నెలలో పదవి నుంచి దిగిపోయారు. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో మరణించారు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున అంత్యక్రియలు జరిగాయి. 2024లో భారతరత్న ప్రకటించారు.

మనం ఆలోచించవలసినది

1938 నాటికి వరంగల్‌లో విశ్వవిద్యాలయం లేదు. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. నేడు పాలకుర్తి పిల్లలు వరంగల్‌లో చదివి వారం వారం ఇంటికి రాగలరు. కనుక దగ్గరి చదువు తక్కువదని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు. దగ్గర దొరకని చదువు కావాలనుకున్న పిల్లను దూరమన్న ఒక్క కారణంతో ఆపనూ కూడదు. ఏ చదువు, ఏ భాషలో, ఎవరి ఖర్చుతో, ఇంటి దగ్గర ఆ బరువు ఎవరు మోస్తారు అన్న లెక్క ముందు వేసుకోవాలి.

శ్రీ నరసింహారావుకు ఆ లెక్క వేసుకునే వ్యవధి దొరకలేదు. ఉన్నచోట తలుపు మూశారు, తెరిచిన చోటికి వెళ్లారు, నేర్చుకుని వచ్చారు. ఆయన జ్ఞాపకంగా మన పల్లెల్లో మిగిలినవి తెలుగు పాఠ్యపుస్తకం, గురుకులం, నవోదయ. మన బిడ్డలకు అటువంటి నిర్బంధం లేదు. వరంగల్ బస్సూ ఉంది, నాగపూర్ రైలూ ఉంది. ఏది ఎక్కాలో పిల్లలను కూర్చోబెట్టి, వారి మాట కూడా విని నిర్ణయించుకోవడం పెద్దల బాధ్యత.