ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్: బొంబాయి షేర్ల బజారును శాసించిన దళారీ ఎందుకు నెగ్గాడు, ఎలా కూలాడు?

1865 జులై 1. బొంబాయి నగరంలో వేలాది ఒప్పందాలకు అదే గడువు. నెలల కిందట ఒప్పుకున్న ధర చెల్లించి ఆనాడు షేర్లు స్వీకరించాలి. అప్పటికే ఆ షేర్ల ధరలు పాతాళానికి దిగజారాయి. కొన్నవారి వద్ద సొమ్ము లేదు. వారు చెల్లిస్తే తప్ప అమ్మినవారు తమ బాకీలు తీర్చలేరు. ఒకరి దివాలా మరొకరి దివాలాకు దారితీసింది.

అంతవరకూ ఆ బజారుకు మకుటంలేని రాజుగా వెలిగిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ వయసు అప్పటికి 34 ఏళ్లు.

ఆయన 1831లో సూరత్‌లోని ఒక జైన వర్తక కుటుంబంలో జన్మించారు. తండ్రి రాయ్‌చంద్ దీప్‌చంద్ కలప వ్యాపారి. కుటుంబం బొంబాయికి తరలివచ్చాక బాలుడు ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో చదువుకున్నాడు. 1849లో, పద్దెనిమిదేళ్ల వయసులో, పేరున్న ఒక దళారీ వద్ద సహాయకుడిగా చేరాడు. కొంతకాలానికి ఆ పెద్దాయన మరణించగా వ్యాపారమంతా ఆయన చేతికి వచ్చింది.

ఆనాటి దళారీలలో ఇంగ్లిషు చదవను, రాయను, మాట్లాడను వచ్చినవారు లేరనే చెప్పాలి. ప్రేమ్‌చంద్‌కు వచ్చు. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కానీ బ్యాంకులను, ఎగుమతి సంస్థలను నడిపేవారు ఆంగ్లేయులు; సరుకు, సొమ్ము ఉన్నవారు గుజరాతీలు, పార్సీలు, మార్వాడీలు. ఈ ఇరు వర్గాల నడుమ దుబాసీ అవసరం లేకుండా తిరగగలిగిన దళారీకి రెండు వైపుల రహస్యాలూ తెలుస్తాయి. దీనికి అసాధారణమైన ధారణశక్తి తోడైంది. కలం, కాగితం ముట్టకుండానే లక్షల రూపాయల లావాదేవీలను ఆయన మనసులోనే లెక్క పెట్టుకొనేవారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు.

1850ల తొలినాళ్లలో బొంబాయి షేర్ల దళారీలు అర డజను మందికి మించి ఉండేవారు కారు. టౌన్‌హాలు ఎదుట మర్రిచెట్టు నీడే వారి కార్యస్థానం. ఆ చిన్న బృందాన్ని పెద్ద జనసమూహంగా మార్చినది సముద్రాల ఆవల జరిగిన యుద్ధం.

లాంకషైర్ మిల్లులు వాడే పత్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచే వచ్చేది. 1861 ఏప్రిల్‌లో అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించింది. మిల్లుల చూపు భారతదేశం వైపు మళ్లింది. పత్తి ధర క్రమంగా నాలుగు రెట్లకు ఎగబాకింది. గుంటూరు ప్రాంతపు పత్తితో కాకినాడ రేవుకు కూడా ఆ రోజుల్లోనే ఊపు వచ్చింది. అయితే సింహభాగం బొంబాయిదే. యుద్ధం ముగిసేలోగా మామూలు రాబడికి అదనంగా 7 కోట్లకు పైగా పౌండ్లు ఆ నగరానికి చేరాయని చరిత్రకారుల అంచనా.

లివర్‌పూల్ ధరల కబురు అప్పట్లో ఓడల మీదే వచ్చేది. ఓడ రేవు చేరేదాకా ఎదురుచూడటం అందరి పద్ధతి. ప్రేమ్‌చంద్ మాత్రం పడవల్లో మనుషులను సముద్రంలోకి పంపి, ఓడ ఇంకా దూరాన ఉండగానే ఆ కబురు తెప్పించుకొనేవారని అంటారు. కొన్ని గంటల ముందు తెలిసిన ధర చాలు. మిగతా బజారుకు అది తెలిసేసరికి ఆయన కొనుగోళ్లు పూర్తయ్యేవి. జనం దీనిని దూరదృష్టి అన్నారు. నిజానికి అది ముందుచూపు కన్నా ముందు కబురు.

షేర్లు ఎవరికి, ఎంతకు?

పత్తి సొమ్ము పెట్టుబడికి దారి వెతుక్కుంది. 1863, 1864లలో బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, సముద్రాన్ని పూడ్చి భూమిగా మార్చే కంపెనీలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. వీటిలో అగ్రగామి బ్యాక్ బే రిక్లమేషన్ కంపెనీ. 5,000 రూపాయలు చెల్లించిన ఆ షేరు బజారులో 50,000 రూపాయలు పలికింది. దళారీల సంఖ్య 200 దాటింది.

కొత్త కంపెనీ ప్రారంభమైతే అసలు ధరకు షేర్లు ఎవరికి కేటాయించాలన్నది అనేక సందర్భాల్లో ప్రేమ్‌చంద్ మాట మీదే ఆధారపడేది. ఆయన ఇంటి ముందు వర్తకులు, ఉద్యోగులు, దొరలు సైతం బారులు తీరేవారు. కేటాయింపు దక్కినవాడు మరునాడే లాభానికి అమ్ముకునేవాడు. దక్కనివాడు పెరిగిన ధరకు, అదీ వాయిదా ఒప్పందం మీద, కొనేవాడు. ఇద్దరిదీ ఒకే బజారు, ఒకే షేరు. వారి మధ్య తేడా తెలివితేటలది కాదు, ప్రవేశించిన ద్వారానిది.

రెండో ద్వారం ఇంకా కీలకమైనది. అది అప్పు. బ్యాంక్ ఆఫ్ బాంబేలో ప్రభుత్వానికి వాటా ఉండేది, డైరెక్టర్లలో కొందరిని ప్రభుత్వమే నియమించేది. 1863 నాటి చట్టం ఆ బ్యాంకుకు షేర్ల హామీపై అప్పులిచ్చే వెసులుబాటు కల్పించింది. ఆ అప్పుతో షేర్లు కొన్నారు. కొనుగోళ్ల వల్ల ధర పెరిగింది. పెరిగిన ధర చూపి మరింత అప్పు తెచ్చారు. ఈ చక్రానికి ఇరుసు ప్రేమ్‌చంద్. బ్యాంక్ ఆఫ్ బాంబే యాజమాన్యంపై ఆయన పలుకుబడి అపారం. ఏషియాటిక్ బ్యాంకింగ్ కార్పొరేషన్ ఆయన సొంత సంస్థ వంటిదే. ఫలానావారికి అప్పివ్వవచ్చని ఆయన సూచిస్తే చాలు, హామీ గురించిన ప్రశ్నలు సన్నగిల్లేవి.

సామాన్య మదుపరికి ఈ రెండు ద్వారాలూ మూసి ఉండేవి. అతనికి కనిపించినది ప్రేమ్‌చంద్ కొంటున్నాడన్న ఒక్క సంగతే. దాన్ని చూసే అతనూ కొన్నాడు. తన వెనుక కొనేవారున్నంత కాలం ప్రేమ్‌చంద్ అంచనా ఎన్నడూ తప్పలేదు.

1865 ఏప్రిల్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. ఆ వార్త అందగానే పత్తి ధర కూలింది, దాని వెంటే షేర్లు. బ్యాక్ బే షేరు 50,000 నుంచి 2,000 రూపాయల లోపునకు పడిపోయింది. గరిష్ఠంగా 2,850 రూపాయలు పలికిన బ్యాంక్ ఆఫ్ బాంబే షేరు చివరకు 87 రూపాయలకు దిగింది. జులై 1 తర్వాత దివాలాలు ఎంత పెరిగాయంటే, వాటి పరిష్కారానికి ప్రభుత్వం అదే ఏడాది ప్రత్యేక చట్టం తేవలసి వచ్చింది. 1866లో ప్రేమ్‌చంద్ కూడా చేతులెత్తేశారు. ఆయనను నిలిపిన అప్పే ఆయనను ముంచింది. ధర పడినప్పుడు బయటపడటానికి ఆయనకంటూ ముందు కబురేదీ లేకపోయింది; ఆయన అమ్మితే కొనగల స్తోమత ఉన్నవాడూ బజారులో మిగలలేదు.

1868లో బ్యాంక్ ఆఫ్ బాంబే మూతపడింది. విచారణకు నియమితమైన కమిషన్ తగిన హామీ లేని అప్పులను, నిర్వాహకుల అలసత్వాన్ని, వారిపై ప్రేమ్‌చంద్ ప్రభావాన్ని ఎత్తిచూపింది. తప్పంతా ఒక్క దళారీదే అనడం మాత్రం న్యాయం కాదు. హద్దులు సడలించిన చట్టమూ, కళ్లు మూసుకున్న డైరెక్టర్లూ లేకుంటే ఆయన పలుకుబడికి అంత బలం వచ్చేది కాదు.

పోనివి

సంపద పోయినా దానాలు మిగిలాయి. బొంబాయి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి 2 లక్షల రూపాయలు, దానికి అనుబంధంగా తల్లి రాజాబాయి పేరిట గడియార గోపురానికి మరో 2 లక్షలు ఇచ్చారు. కలకత్తా విశ్వవిద్యాలయానికి ఇచ్చిన విరాళంతో ఏర్పడిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ విద్యార్థి వేతనం తరతరాల పండితులకు గౌరవచిహ్నమైంది. ఆ సొమ్ములో ఎంత ఆయన ఆర్జన, ఎంత ఇతరుల నష్టం అని విడదీయడం నేడు ఎవరి తరమూ కాదు. షేర్లలో దాచినది హరించుకుపోగా, రాతిలోనూ చదువులోనూ పెట్టినది నిలిచింది.

ఆయన నగరం విడిచి పోలేదు, వృత్తినీ విడువలేదు. పత్తి, షేర్ల దళారీగానే తిరిగి నిలదొక్కుకున్నారు, కానీ మునుపటి వైభవం మళ్లీ రాలేదు. 1875లో 318 మంది దళారీలు తలా ఒక రూపాయి ప్రవేశ రుసుముతో సంఘంగా ఏర్పడ్డారు. నేటి బొంబాయి స్టాక్ ఎక్స్చేంజికి అదే మూలం. దాని స్థాపకులలో ప్రేమ్‌చంద్ పేరును కూడా చెబుతారు.

జార్జ్ గిల్బర్ట్ స్కాట్ రూపకల్పన చేసిన రాజాబాయి గోపురం 1878 నవంబరులో పూర్తయింది. అప్పటికి బ్యాక్ బే కంపెనీ కనుమరుగైంది. ఆ తీరాన పూడ్చిన నేల మీద రైళ్లు నడుస్తున్నాయి. ప్రేమ్‌చంద్ మరో 28 ఏళ్లు ఆ గోపురం ఉన్న ఊరిలోనే వ్యాపారం చేసుకుంటూ జీవించి, 1906లో కన్నుమూశారు.