క్రికెట్టు పరిభాషకు భాష్యం: సి.కె. నాయుడు

ఏ విద్యకైనా దాని పరిభాష ఒకటి ఉంటుంది. వ్యాకరణం చదివేవానికి సంధి, సమాసం తెలియక తప్పదు; సంగీతం నేర్చేవానికి శ్రుతి, లయ తెలియక తప్పదు. క్రికెట్టు ఆటకూ అటువంటి పరిభాష ఉన్నది. ఆట ఇంగ్లండులో పుట్టినది కాబట్టి మాటలూ అక్కడివే. అయినా నేటి తెలుగు పిల్లలకు అవి పరాయివి కావు. విశాఖపట్టణంలోని ఆటోనగర్ వంటి చోట, సెలవునాడు షెడ్లు మూసి ఉన్న వేళ రోడ్డుమీద ఆడుకునే కుర్రవాళ్ళ నోట ఓవరు, వికెట్టు, సిక్సరు, రనౌటు అన్న మాటలు తెలుగు మాటలంత తేలికగా దొర్లుతాయి. అయితే మాట నోటికి రావడం వేరు, దాని అర్థం ఎరగడం వేరు. నిఘంటువు కంటె ఒక గొప్ప ఆటగాని జీవితం ఆ అర్థాన్ని బాగా విప్పి చెప్పగలదు. అందుకు తగిన జీవితం తెలుగువాడైన కొఠారి కనకయ్య నాయుడుగారిది. లోకం ఆయనను సి.కె. నాయుడు అన్నది.

నాయుడుగారు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపూరులో జన్మించారు. వారిది అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. తాతగారు పేరుమోసిన న్యాయవాది. తండ్రి సూర్యప్రకాశరావుగారు ఇంగ్లండులో న్యాయశాస్త్రం చదివి వచ్చినవారు. ఇంటి వృత్తి న్యాయవాదమైనా, కుమారునికి బాల్యం నుండి బంతిమీదనే మక్కువ.

ఆ రోజులలో బొంబాయిలో ఏటేటా జరిగే చతుర్జట్ల పోటీ దేశంలోకెల్ల పెద్దది. యూరోపియనులు, పార్శీలు, హిందువులు, మహమ్మదీయులు వేర్వేరు జట్లుగా ఆడేవారు. మతాన్ని బట్టి జట్లను విభజించిన ఆ పద్ధతి తరువాతి కాలంలో విమర్శలకు గురియై ఆగిపోయింది. 1916లో నాయుడుగారు హిందూ జట్టు పక్షాన యూరోపియనులపై తొలిసారి బ్యాటు పట్టారు. అప్పటికే జట్టు వికెట్లు పోగొట్టుకుని కష్టంలో ఉన్నది.

ఈ వికెట్టు అన్న మాటకు అర్థాలు అనేకం. నేలలో నాటిన మూడు కర్రలనూ వాటిపై నిలిపిన రెండు చిన్న పుల్లలనూ కలిపి వికెట్టు అంటారు. ఆటగాడు అవుటయితే వికెట్టు పడిందంటారు. బంతి పడే నేలను కూడ మంచి వికెట్టు, చెడ్డ వికెట్టు అనడం కద్దు. జట్టులో పదకొండుగురు ఉన్నా పది వికెట్లు పడితే ఇన్నింగ్సు ముగుస్తుంది. ఏలనంటే బ్యాటింగుకు ఇద్దరుండాలి, ఒంటరిగా మిగిలినవాడు ఆడలేడు. ఇన్నింగ్సు అంటే జట్టుకు గాని, ఆటగానికి గాని వచ్చే బ్యాటింగు వంతు. నాయుడుగారు తమ తొలి వంతులో పరుగుల ఖాతా తెరిచినది సిక్సరుతోనే.

సిక్సరుకు కూడ ఒక చరిత్ర ఉన్నది. బంతి నేలను తాకి గీత దాటితే నాలుగు పరుగులు, తాకకుండా దాటితే ఆరు. ఇంగ్లండులో ఈ నియమం 1910లో స్థిరపడింది. అంతకు పూర్వం ఆరు పరుగులు రావాలంటే బంతిని మైదానం వెలుపలికే కొట్టవలసి వచ్చేది. బంతిని గాలిలోకి లేపడం ప్రమాదమని, అది క్యాచి ఇచ్చే దారి అని ఆనాటి గురువులు బోధించేవారు. నాయుడుగారి ధోరణి వేరు. పొడగరి, బలశాలి అయిన ఆయన ముందుకు అడుగువేసి బంతిని గాలిలోనే సాగనంపేవారు.

1926 డిసెంబరులో ఆ ధోరణి చరిత్రను మలుపు తిప్పింది. ఆర్థర్ గిలిగన్ నాయకత్వాన వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానంలో ఆయన రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. అందులో పదకొండు సిక్సర్లు! అతిథులే ముచ్చటపడి ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. భారతీయులు అంతర్జాతీయ స్థాయిలో ఆడగలరన్న విశ్వాసానికి ఆ ఇన్నింగ్సు బలం చేకూర్చింది. 1928లో భారత క్రికెట్టు బోర్డు ఏర్పడింది. అంతకు పూర్వమే, 1923లో, హోల్కర్ మహారాజు ఆహ్వానంపై ఆయన ఇందూరుకు తరలివెళ్ళి, ఆ సంస్థాన సైన్యంలో ఉద్యోగం స్వీకరించారు. కర్నల్ అన్న పిలుపు ఆ కొలువు నుండి వచ్చినదే.

టెస్టు అంటే పరీక్ష. రెండు దేశాలు ఒకదాని సత్తాను మరొకటి పరీక్షించుకునే ఆట కాబట్టి ఆ పేరు. 1932లో భారతదేశం ఆ పరీక్షకు కూర్చున్న ఆరవ దేశమైనది. ఇంగ్లండుకు పయనమైన జట్టుకు నాయకుడు పోరుబందరు మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ రాజవంశీకుడు. నాయకత్వం ఆనాడు ఆటను బట్టి గాక అంతస్తును బట్టి దక్కేది. అయితే పోరుబందరు మహారాజు తన పరిమితి ఎరిగిన మనిషి. టెస్టు సమయానికి తప్పుకున్నారు. బాధ్యత నాయుడుగారి భుజాన పడింది. ఆ విధంగా జూను 25వ తేదీన లార్డ్సు మైదానంలో భారత జట్టును తొలి టెస్టుకు నడిపినవాడు ఒక తెలుగువాడు.

తొలి గంటలోనే ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు కోల్పోయింది. అందులో ఒకటి రనౌటు. పరుగు పూర్తికాక మునుపే బంతితో వికెట్టును పడగొడితే రనౌటు. అది బౌలరు లెక్కలో చేరదు, ఫీల్డరు చురుకుదనానికి దక్కే ఫలం. లాల్ సింగ్ చురుకుదనం వల్ల వూలీ అంతటివాడు అలా వెనుదిరిగాడు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా నాయుడుగారు తొలి ఇన్నింగ్సులో 40 పరుగులు చేశారు. జట్టులో అదే అత్యధికం. ఇంగ్లండు రెండవ ఇన్నింగ్సును 8 వికెట్లకు 275 వద్ద డిక్లేరు చేసింది. చేసిన పరుగులు చాలునని భావించి, వికెట్లు ఉండగానే నాయకుడు ఇన్నింగ్సు ముగించడమే డిక్లేరేషను. భారత జట్టు 158 పరుగుల తేడాతో ఓడింది. ఓడినా పరీక్షలో తేలిపోలేదు.

ఆ పర్యటనలో ప్రథమశ్రేణి ఆటలలో నాయుడుగారు 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. బ్యాటుతోనూ బంతితోనూ రాణించేవానినే ఆల్‌రౌండరు అంటారు. 1933లో విజ్డెన్ గ్రంథం ఆయనను ఆ యేటి అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఒకరిగా ఎన్నుకున్నది. 1933-34లో స్వదేశంలో జరిగిన తొలి టెస్టులకూ ఆయనే నాయకుడు.

1936లో నాయకత్వం విజయనగర రాజకుమారులు విజయానంద గజపతిరాజుగారికి దక్కింది. అనంతరకాలంలో వారు బోర్డు అధ్యక్షులైనారు. విశాఖపట్టణం నుండి లోకసభకు ఎన్నికైనారు. పరిపాలనలో వారి సేవ కాదనలేనిది. కాని ఆటగానిగా మూడు టెస్టులలో వారు చేసినవి 33 పరుగులు, సగటు 8.25. సగటు లెక్కలో పరుగులను ఇన్నింగ్సులతో గాక అవుటయిన సార్లతో భాగించాలి. నాటౌటుగా మిగిలిన వంతులు లెక్కకు రావు. నాయుడుగారు తమ నాయకత్వం పోయినదని అలిగి ఇంట కూర్చోలేదు. జట్టులో ఒకరుగా ఆడారు. ఓవలులో జరిగిన చివరి టెస్టులో బంతి దెబ్బకు తాళుకుని 81 పరుగులు చేశారు. టెస్టులలో ఆయనకు అదే అత్యధికం, అదే ముగింపు కూడ.

ఏడు టెస్టులు, పద్నాలుగు ఇన్నింగ్సులు, 350 పరుగులు. పద్నాలుగుసార్లూ అవుటయినారు కాబట్టి సగటు సరిగ్గా 25. అంకెలు చూచినవారికి ఇది సామాన్యమనిపించవచ్చు. తొలి టెస్టునాటికే ఆయనకు ముప్పదియారేండ్లు నిండినవని, అంతకు పూర్వం ఆడడానికి దేశానికి టెస్టులే లేవని ఆ అంకె చెప్పదు. విద్యార్థులు సగటును గణించడమే గాక, అది దేనిని చెప్పదో కూడ గ్రహించాలి.

ఆయన ఆట టెస్టులతో ఆగలేదు. 1945-46 రంజీ పోటీలో యాభయ్యేండ్ల వయసున బరోడాపై 200 పరుగులు చేశారు. ఆయన కాలంలో హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. ఆంధ్రరాష్ట్రం అవతరించిన 1953లో, ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టిన ఋతువున ఆ జట్టు పక్షాన ఆయన ఆడారు. ప్రవాసాంధ్రుడు తన వారి చెంతకు వచ్చిన సందర్భమది. అరవై దాటిన తరువాత కూడ ఉత్తరప్రదేశ్ తరపున రంజీ ఆడారు. 1956లో పద్మభూషణ బిరుదు పొందారు. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరులో కన్నుమూశారు. 1996లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వెలువరించింది. భారత క్రికెట్టు బోర్డు ఇచ్చే జీవన సాఫల్య పురస్కారం ఆయన పేరిటనే ఉన్నది.

కెప్టెను అన్న మాటకు ఆనాటి వాడుకలో రాజవంశీకుడన్న అర్థం ఒకటి స్థిరపడి ఉండేది. ఆ అర్థాన్ని మార్చి, జట్టులో మేటి ఆటగాడు, కష్టంలో ముందు నిలిచేవాడు అన్న అర్థానికి దారి తీసినవాడు నాయుడుగారు. పరభాషా పదాలను మనం పలుకుతూనే ఉంటాము. వాటి వెనుక మనవారి చెమట కూడ ఉన్నదని పిల్లలకు తెలియజెప్పడం ఉపాధ్యాయుల విధి.