వాపిటీ నుంచి మిగ్-25 దాకా: హైదరాబాదీ ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్

1947లో దేశంతో పాటు సైన్యాన్ని కూడా పంచారు. తుపాకులు, లారీలు, విమానాలు లెక్కపెట్టి రెండు వైపులకీ ఇచ్చారు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ముస్లిం అధికారుల ముందు ఒక ప్రశ్న నిలిచింది. ఇండియాలో ఉంటారా, పాకిస్తాన్ వెళ్తారా? అప్పటికి 24 ఏళ్ల యుద్ధ విమాన పైలట్ ఇద్రీస్ హసన్ లతీఫ్ ఇండియానే ఎంచుకున్నారు. వాయుసేనలో తనతో పాటు పనిచేసిన అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ ఇద్దరూ అటు రమ్మని పిలిచారు. తర్వాత వాళ్లిద్దరూ ఒకరి వెనక ఒకరు పాకిస్తాన్ వాయుసేనకు అధిపతులయ్యారు. పిలుపు చిన్నవాళ్ల దగ్గర్నుంచి రాలేదన్నమాట. అయినా లతీఫ్ సాబ్ కదల్లేదు. మజ్‌హబ్ వేరు, వతన్ వేరు అన్నది ఆయన అభిప్రాయం.

ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆయన హైదరాబాదీ. 1947 ఆగస్టు నాటికి హైదరాబాద్ ఇండియాలో లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లతో సహా మన ప్రాంతమంతా నిజాం పాలనలోనే ఉంది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగాకే ఇక్కడ మువ్వన్నెల జెండా ఎగిరింది. అంటే పుట్టిన ఊరు ఇండియాలో కలవడానికి ఏడాది ముందే ఆయన ఇండియా వాడయ్యారు. పోలీస్ యాక్షన్ రోజుల గురించి పెద్దల నోట విన్న కుటుంబాలకు ఆ నిర్ణయం ఎంత బరువైందో వేరే చెప్పనక్కర్లేదు.

లతీఫ్ 1923 జూన్ 9న హైదరాబాద్‌లో సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. నిజాం కాలేజీలో చదివారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 18 ఏళ్లకే వాయుసేనలో చేరి, అంబాలాలో శిక్షణ పూర్తి చేసుకున్నారు. 1942 జనవరి 26న అధికారి హోదా వచ్చింది. మొదటి పోస్టింగ్ కరాచీ. అరేబియా సముద్రం మీద తిరుగుతూ శత్రువుల జలాంతర్గాములు కనిపిస్తాయేమోనని కాపలా కాయడం పని. ఇచ్చిన విమానాలేమో వాపిటీ లాంటి పాతకాలపువి. గుడ్డ కప్పిన రెండు వరసల రెక్కలు, పైకప్పు లేని కాక్‌పిట్, గంటకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు వేగం. ఇంజిన్ ఆగిపోతే కింద సముద్రమే.

1943లో బ్రిటన్ పంపిన కొద్దిమంది భారతీయ పైలట్లలో ఆయన ఒకరు. అక్కడ హరికేన్, స్పిట్‌ఫైర్ నడపడం నేర్చుకుని తిరిగొచ్చి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. 1946లో లండన్ విజయోత్సవ కవాతుకు వెళ్లిన భారత బృందంలోనూ ఉన్నారు.

1950 జనవరి 26న ఢిల్లీలోని ఇర్విన్ స్టేడియంలో మొదటి గణతంత్ర దినోత్సవం జరిగింది. ఆ రోజు టెంపెస్ట్ విమానాలతో రాజధాని మీదుగా సాగిన విన్యాసానికి నాలుగో స్క్వాడ్రన్ కమాండర్‌గా ముందు నడిచింది లతీఫే. తాను అధికారి అయిన తేదీకి సరిగ్గా ఎనిమిదేళ్లు. పోలీస్ యాక్షన్‌లో భారత వాయుసేన వాడింది కూడా టెంపెస్ట్ రకం విమానాలనే. చరిత్ర అలా ఉంటుంది మరి.

1951లో బిల్కీస్‌తో నికాహ్ జరిగింది. ఆమె తండ్రి నవాబ్ అలీ యావర్ జంగ్, ఉస్మానియా, అలీగఢ్ యూనివర్సిటీలకు వైస్ ఛాన్సలర్‌గా చేసిన పెద్దమనిషి. లతీఫ్ ఆ తర్వాత వాషింగ్టన్‌లో ఎయిర్ అటాషేగా పనిచేశారు. 1971 యుద్ధ సమయంలో వాయుసేన ప్రధాన కార్యాలయంలో ప్లానింగ్ బాధ్యతలు చూశారు. ఏ దళానికి ఏ విమానం కావాలి, ఎన్ని కావాలి అన్న లెక్కలు అక్కడే తేలతాయి. పేపర్లో ఫోటో పడే పని కాదది. అది సరిగ్గా జరగకపోతే మాత్రం సరిహద్దులో పైలట్ చేతులు కట్టేసినట్టే.

1978 సెప్టెంబర్ 1న ఆయన వాయుసేనాధిపతి అయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి ముస్లిం ఆయనే. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకోవడం అన్యాయం. మైనారిటీ కోటాలో వచ్చిన పదవి కాదది, వైస్ చీఫ్ దాకా మెట్టు మెట్టుగా ఎక్కి అందుకున్నది. చేసిన పనీ అలాంటిదే. ఏళ్ల తరబడి నానుతున్న జాగ్వార్ కొనుగోలు ఆయన వచ్చిన కొద్ది వారాలకే ఖరారైంది. శత్రు భూభాగంలోకి లోతుగా, తక్కువ ఎత్తులో చొచ్చుకెళ్లి దాడి చేయడానికి పాత కాన్‌బెర్రాలు, హంటర్లు చాలడం లేదు. 1979లో మొదటి జాగ్వార్లు అంబాలాలో దిగాయి. కుర్రాడిగా ఆయన ఎగరడం నేర్చుకున్న ఊరే అది. సోవియట్ మిగ్-23, మిగ్-25 విమానాలు కూడా ఆయన హయాంలోనే వచ్చాయి. రిటైరయ్యే ముందు 58 ఏళ్ల వయసులో మిగ్-25 ఎక్కారు. ధ్వని కంటే రెండు రెట్లకు పైగా వేగంతో, ఇరవై కిలోమీటర్ల ఎత్తు దాటి ఎగిరే విమానం అది. వాపిటీతో మొదలైన మనిషి అక్కడిదాకా వచ్చి 1981 ఆగస్టు 31న యూనిఫాం విప్పారు.

ఖాళీగా కూర్చునే రాత ఆయనకు లేదు. 1982 మార్చిలో మహారాష్ట్ర గవర్నర్ అయ్యారు. బొంబాయి బట్టల మిల్లుల సమ్మె సాగుతున్న కష్టకాలమది. మామగారు అలీ యావర్ జంగ్ కూడా అదే రాష్ట్రానికి గవర్నర్‌గా ఉంటూ 1976లో కన్నుమూశారు. కూతురు, అల్లుడు మళ్లీ అదే రాజ్‌భవన్‌కి వచ్చారు. బిల్కీస్ మాత్రం రాజ్‌భవన్ గోడల మధ్య ఉండిపోలేదు. ధారవి బస్తీలోని ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం పనిచేశారు. 2009లో పద్మశ్రీ అందుకున్నారు. 1985 నుంచి 1988 వరకు లతీఫ్ ఫ్రాన్స్‌లో భారత రాయబారి. ఆ కొలువు కూడా మామగారు ముందు చేసిందే.

పారిస్ నుంచి ఆయన నేరుగా హైదరాబాద్ వచ్చేశారు. ఢిల్లీలోనో, విదేశాల్లోనో ఉండిపోయే వీలున్నా సొంతూరికే చేరి, ముప్పై ఏళ్లు ఇక్కడే గడిపారు. భర్త జీవిత చరిత్రను బిల్కీసే పుస్తకంగా రాశారు. 2017 అక్టోబర్‌లో ఆమె వెళ్లిపోయారు. ఆరు నెలలకు, 2018 ఏప్రిల్ 30న, 94 ఏళ్ల వయసులో లతీఫ్ సాబ్ హైదరాబాద్‌లోనే ఇంతెకాల్ అయ్యారు.