ఆటపాటల అంగన్వాడీకి స్వర్ణోత్సవ శుభాభినందనలు

2025 అక్టోబరు 2తో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకానికి యాభై ఏళ్లు నిండాయి. ఈ స్వర్ణోత్సవ శుభవేళ, నీలమణి దుర్గమ్మ చల్లని చూపు సాక్షిగా, పాతపట్నం ప్రాంతపు తల్లిదండ్రులు, తాతలు, మామ్మలందరి పక్షాన ఊరూరి అంగన్వాడీ టీచరమ్మలకు, ఆయమ్మలకు శతకోటి అభినందనలు. ఏడుస్తూ వచ్చిన గుంటల్ని నవ్వుతూ ఇంటికి పంపిన మీ చేతులు చల్లగా ఉండాలి.

1975లో దేశమంతటా కలిపి 33 ప్రాజెక్టులతో మొదలైన పథకమిది. పల్లెలు దాటి, కొండలెక్కి, గూడేలకు చేరింది. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు 14 లక్షల కేంద్రాలు ఉండి తీరాలని ఆదేశించడంతో అంగన్వాడీ దయాధర్మం కాదు, బిడ్డల హక్కు అని తేలిపోయింది. పథకం చెప్పిన ఆరు సేవల్లో గుడ్డుకు లెక్క ఉంది, టీకాకు కార్డు ఉంది, బరువుకు తూకం ఉంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో రోజూ ఆడించే ఆటకు మాత్రం ఏ రిజిస్టరూ సరిపోదు. అందుకే ఈ అభినందనలో పెద్దపీట ఆ ఆటకే.

ఆ ఆటకు వంశవృక్షం గొప్పది. 1920లో భావనగర్‌లో గిజుభాయి బధేకా బాలమందిరం తెరిచి, బెత్తం లేని బడి సాధ్యమేనని చూపారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీ చేరి, బడికి రాని పేద పిల్లల వాకిళ్లలోనే బాలవాడీ నడిపారు. ఖరీదైన బొమ్మల బదులు గింజలు, ఆకులు, గవ్వలు పిల్లల చేతికిచ్చారు. మన కేంద్రాలకు ఆ తల్లే పెద్దముత్తయిదువ.

మన మహేంద్రతనయ ఒడ్డుకైతే ఇంకా పాత పుణ్యం ఉంది. ఏటి అవతల పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1911లో మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవర బడి పెట్టండి అన్నారాయన. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మిగిలింది. పిల్లల నోటికి సరిహద్దు తెలుసునా? ఇంట్లో ఒడియా, కొండమీద సవర, వీధిలో తెలుగు. మూడు భాషల పసివాళ్లు ఒకే చాపమీద కూర్చున్నప్పుడు ముందుగా అందరికీ అర్థమయ్యేది మట్టి ముద్ద, రంగు, చప్పట్లు. మాటలు ఆ వెనకే వస్తాయి.

చెరువు మట్టితో పాము చేసే బిడ్డ ఆడుకుంటున్నాడనే చూసేవాళ్లు అనుకుంటారు. ఆ మట్టి నలిపిన వేళ్లే రేపు పలక బలపాన్ని బిగించి పట్టుకుంటాయి. చింతపిక్కల్ని పెద్దవీ చిన్నవీ వేరుచేయడంలో లెక్కల మొదటి పాఠం ఉంది. వేప, రావి, మామిడి ఆకులకు రంగు పూసి కాగితంపై అద్దితే ఈనెల తేడా కంటికి పడుతుంది. చుక్కలు పెట్టి ముగ్గు కలపడంలో కొలత ఉంది, చెమ్మచెక్కలో తాళం ఉంది, చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు ఒలక్కుండా పోయడంలో నిదానం ఉంది. అయితే గురివింద గింజ ఎంత ముద్దుగా ఉన్నా విషం. పచ్చి జీడిపిక్క తొక్కలోని నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. మన జిల్లా తోటల్లో కావలసినంత దొరికే ఆ పిక్కను పిల్లల బుట్టలోకి రానివ్వకుండా కాపలా కాసే టీచరమ్మ కన్ను ఏ శిక్షణ పుస్తకానికీ తీసిపోదు.

ఈ విద్యకు పెద్దల కాగితాల్లో చోటు దొరకడానికి కాలం పట్టింది. 2013లో శిశు సంరక్షణ, విద్యలపై జాతీయ విధానం వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచే చదువు మొదలని ఒప్పుకుంది. 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, తోలుబొమ్మలు, కథలతో ‘జాదూయీ పిటారా’ పెట్టె వచ్చింది, మరుసటి ఏడాది అంగన్వాడీల కోసం ‘ఆధారశిల’ పాఠ్యప్రణాళిక వచ్చింది. మా మామ్మలు ఈ పేర్లు వింటే, ఇదంతా మా అరుగుమీద ఎప్పుడూ ఉన్నదే కదా అని నవ్వుతారు. వాళ్ల మాటా నిజమే. కానీ ఒక్క అరుగు విద్యను లక్షల వాకిళ్లకు చేర్చిన ఘనత మీది. కరోనా రోజుల్లో ఆటలాగిపోయినా సరుకులు మోసుకుని గడప గడపకూ నడిచిన పాదాలు మీవి. 2022 ఏప్రిల్‌లో అంగన్వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు పలికినప్పుడు ఆ పాదాలకు దక్కింది కొంత గౌరవమే. శాలువాతో పాటు జీతమూ పెరగాలని ఈ శుభవేళ మేం నిస్సంకోచంగా కోరుతున్నాం.

అమ్మలారా, మీ సేవ నూరేళ్లు వర్ధిల్లాలి. 2035లో ఈ పథకానికి షష్టిపూర్తి జరిపే నాటికి ప్రతి కేంద్రానికీ సొంత గూడు, ఒక వేపచెట్టు నీడ, ఇసుక గుంట, సవర, ఒడియా ఇళ్లనుంచి వచ్చిన బిడ్డలతో వాళ్ల భాషలో పలికే ఒక టీచరమ్మ ఉంటారని మా ఆశ, మా నమ్మకం కూడా. ఆ పండుగకు పందిరి వేసే వంతు మాది. ఈనాటి మీ గుంటలే అప్పటికి తోరణాలు కట్టే ఈడుకొస్తారు. శుభం భూయాత్!