మూలాన్వేషి చార్లెస్ కెటరింగ్

నేడు తాళంచెవి తిప్పగానే కారు ప్రయాణానికి సిద్ధమవుతుంది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ఇది ఇంత సులభం కాదు. కారు ముందు నిలిచి, ఇనుప హ్యాండిలును ఇంజనుకు తగిలించి, సత్తువకొద్దీ తిప్పవలసి వచ్చేది. ఒక్కొక్కప్పుడు ఇంజను వెనుకకు తన్నేది. ఆ దెబ్బకు చేతులు విరిగినవారు ఎందరో! ఈ ప్రమాదాన్ని తొలగించిన శాస్త్రజ్ఞుడు చార్లెస్ ఫ్రాంక్లిన్ కెటరింగ్.

కెటరింగ్ 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ సమీపాన ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. బాల్యం నుండి ఆయనను దృష్టిలోపం బాధించింది. కొంతకాలం గ్రామీణ పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేసి, తరువాత ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. కంటిజబ్బు తీవ్రం కావడంతో చదువు నడుమ ఆగింది. అయినా నిరాశ చెందక, టెలిఫోను తీగలు వేసే బృందంలో పనిచేశాడు. తిరిగి కళాశాలకు వెళ్లి 1904లో విద్యుత్ ఇంజనీరింగులో పట్టభద్రుడయ్యాడు.

అనంతరం డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థలో ఉద్యోగం లభించింది. దుకాణాల్లో డబ్బు లెక్క కట్టే యంత్రాన్ని చేతితో తిప్పే అవసరం లేకుండా, ఒక చిన్న విద్యుత్ మోటారును అమర్చాడు. 1909లో సహచరుడు ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డెల్కో సంస్థను స్థాపించాడు. డీడ్స్ ఇంటి వెనుక ఉన్న కొట్టమే వారి తొలి ప్రయోగశాల!

ఇంజనులోని ఇంధనం మండాలంటే తగిన క్షణాన నిప్పురవ్వ పుట్టాలి. కెటరింగ్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో బ్యాటరీ విద్యుత్తు ఒక తీగచుట్టలో ప్రవహిస్తుంది. పాయింట్లు విడివడి ఆ ప్రవాహం ఠక్కున ఆగగానే, పక్కనున్న రెండవ చుట్టలో వేల వోల్టుల పీడనం పుడుతుంది. డిస్ట్రిబ్యూటరు దానిని వరుసగా ఒక్కొక్క స్పార్క్ ప్లగ్గుకు అందిస్తుంది. ఆయన జ్వలన విధానం 1910 నాటి కాడిలాక్ కార్లలోనే చోటు సంపాదించింది.

పిమ్మట కాడిలాక్ అధిపతి హెన్రీ లీలాండ్, హ్యాండిలు అవసరం లేని కారును రూపొందించే భారం ఆయనకు అప్పగించాడు. ఇంజనును తిప్పగల మోటారు ఇంజనంత పెద్దదిగా ఉండాలని నిపుణులు భావించేవారు. కెటరింగుకు డబ్బు లెక్కల యంత్రం గుర్తుకు వచ్చింది. మోటారు రోజంతా తిరగనక్కరలేదు, కొన్ని క్షణాలు గట్టిగా తిరిగితే చాలు! పైగా ఇంజను నడవడం మొదలైన తరువాత అదే యంత్రం డైనమోగా మారి బ్యాటరీని నింపుతుంది. 1912 నమూనా కాడిలాక్ కారు ఈ ఏర్పాటుతో వెలువడింది. సత్తువ గలవారికే సాధ్యమైన పని స్త్రీలకూ వృద్ధులకూ సులభసాధ్యమయింది.

మన రోడ్లపై దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్, ఫియట్ కార్లలో ఉన్నదీ ఈ పాయింట్ల పద్ధతే. మన వాడుకలో స్థిరపడిన 'సెల్ఫ్' అనే మాట ఆయన ఆవిష్కరణను గుర్తుచేసేదే. అటువంటి పాత కారు 'సెల్ఫ్' అందుకోకపోతే అనుభవజ్ఞుడైన మెకానిక్ వెంటనే బ్యాటరీని మార్చడు. మొదట దాని కొనల వద్ద పట్టిన తుప్పును, తరువాత వదులైన బెల్టును, ఆపై డైనమోను పరీక్షిస్తాడు. సెల్ఫ్ తిరిగినా ఇంజను అందుకోకపోతే పాయింట్ల నడుమ ఎడాన్ని చూస్తాడు. దోషం కనిపించిన చోటే దాని మూలం ఉండాలన్న నియమం లేదు కదా!

కెటరింగ్ జీవితమే ఇందుకు నిదర్శనం. ఇంజనులో టకటకమనే శబ్దానికి ఆయన జ్వలన విధానమే కారణమని విమర్శకులు నిందించారు. ఆయన కోపించక పరిశోధించి, దోషం ఇంధనం మండే తీరులో ఉన్నదని నిర్ధారించాడు. 1921లో ఆయన సహాయకుడు థామస్ మిడ్‌గ్లీ పెట్రోలులో సీసపు సమ్మేళనాన్ని కలిపి ఆ శబ్దాన్ని అణచాడు. కాని సీసం విషం. 1924లో దానిని తయారుచేసే కర్మాగారాల్లో కార్మికులు మరణించారు. అయినా కెటరింగ్ దానిని సమర్థించాడు. ఇంజనులో దోషమూలాన్ని పట్టుకొన్న ఆ చూపు, తన పరిష్కారంలోని దోషం మీద నిలవలేదు. భారతదేశం 2000లో సీసపు పెట్రోలును విడిచిపెట్టింది. ప్రపంచంలో చివరగా ఆల్జీరియా 2021లో దాని అమ్మకాన్ని నిలిపివేసింది.

జనరల్ మోటార్స్ పరిశోధన విభాగానికి 1947 వరకు సారథ్యం వహించిన కెటరింగ్, ఆల్ఫ్రెడ్ స్లోన్‌తో కలిసి 1945లో న్యూయార్కులో క్యాన్సర్ పరిశోధన సంస్థ స్థాపనకు తోడ్పడ్డాడు. 1958 నవంబరు 25న డేటన్‌లో కన్నుమూశాడు.

సమస్య మూలాన్ని ఓర్పుతో వెదకడం ఆయన నుండి మనం నేర్వవలసిన గుణం. మన పరిష్కారాన్ని సైతం అంతే నిశితంగా పరీక్షించుకోవాలన్నది ఆయన జీవితం చేసే హెచ్చరిక.